ఏడో డబ్బా

రొట్టె చేతికొస్తే నేను ముందు తిరగేసి అడుగు చూస్తాను. మనవరాళ్ళు నవ్వుతారు. "ఏంది అమ్మమ్మా, బేకరీవోడు అడుగున నీకేమన్నా ఉత్తరం రాశాడా?" అంటారు. ఇప్పటి రొట్టెల అడుగున ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. అది చూసుకున్నాకే నాకు ముద్ద దిగుతుంది. ఎందుకో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక చెప్పలేదు, మరుపొచ్చి కాదు.

అది నలభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. గురజాల అవతల, కొండకు రెండు మైళ్ళ దూరంలో మా ఊరు. ఊరికి పడమర మా క్రైస్తవుల పేట. బంజరు దున్నుకుంటామని లేచిన కుర్రాళ్ళు మోతుబర్ల మనుషులతో కొట్లాడి కొండెక్కారు. వాళ్ళకోసం స్పెషల్ పోలీసులు దిగారు. దిగీ దిగగానే మా పేట బడిని క్యాంపు చేసుకున్నారు. ఆ బడికి పంతులు మా ఆయన కృపావరం. ఆదివారం అదే గదిలో వాక్యం చెప్పేదీ ఆయనే. ఒక్క పూటలో ఆయనకు బడీ పోయింది, మాకు గుడీ పోయింది.

కొండెక్కిన వాళ్ళలో మా తమ్ముడు ఇశ్రాయేలు ఉన్నాడు. మా పుట్టిల్లు నరసరావుపేట దగ్గర. వాడు నా దగ్గర ఉండి వ్యవసాయప్పనులు చేసుకుంటానని వచ్చి, చివరికి ఆ పని చేశాడు. పోలీసుల లిస్టులో వాడి పేరు పుట్టింటి ఊరితోనే ఉంది కాబట్టి వాడు నా తమ్ముడని వాళ్ళకు తెలియదు. మా పేటలో ప్రతి గడపకూ తెలుసు. ఆ వేసవిలో అంతమందిని అన్ని దెబ్బలు కొట్టినా ఒక్కరూ ఆ మాట నోట రానివ్వలేదు. అందుకే నా కథ చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంటుంది.

వచ్చిన రెండో రోజు పొద్దున్నే మగవాళ్ళందరినీ బడి ముందు ఎండలో వరసగా గొంతుక్కూర్చోబెట్టారు. మొదట దానయ్య తాత. డెబ్బై ఏళ్ళవాడు. "కొండమీదికి కూడు ఎవరు మోస్తున్నారు?" అని ఒక ప్రశ్న, అరికాళ్ళ మీద ఒక దెబ్బ. మొదట్లో తాత "యేసయ్యా" అన్నాడు. తరువాత "అమ్మా" అన్నాడు. ఆ తరువాత ఏమీ అనలేదు. కాలి ఎముక విరిగితే కందికట్టె విరిచినట్టు టప్పుమన్న చప్పుడు ఆడవాళ్ళం నిలబడ్డ చోటికి వినబడింది. రెండోవాడికి పళ్ళు ఊడాయి. వరసలో మా ఆయన మూడోవాడు.

ఇన్‌స్పెక్టరు వసారా నీడలో కుర్చీ వేసుకుని, పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు కడుపులో పుండు. వెంట తెచ్చుకున్న వంటవాడి కారం తిని నాలుగు రోజులుగా నెత్తురు కక్కుతున్నాడట. ఊరి మునసబు శివరామయ్య ఆయన చెవిలో ఏదో చెప్పి, నా వైపు తిరిగాడు.

"ఏమే దయామణీ, మీ అమ్మ ఆసుపత్రి దొరసాని బంగళాలో రొట్టెలు కాల్చేది గదా. నీకొచ్చా ఆ పని?"

"వొచ్చండి," అన్నాను. "కాకపోతే పిండి పిసకటానికి మగచెయ్యి గావాలండి. మా ఆయన లేందే అయ్యే పని గాదు."

పెళ్ళయిన ఆరేళ్ళలో మా ఆయన పిండి ముట్టుకున్న పాపాన పోలేదు. ఇన్‌స్పెక్టరు నన్ను కాసేపు చూసి వేలెత్తాడు. మా ఆయన వరసలోంచి లేచి నా పక్కకు వచ్చాడు. ఆయన జాగాలోకి నాలుగోవాడు జరిగాడు. నాలుగోవాడి పెళ్ళాం నా పక్కనే ఉంది. ఆమె ముఖం నేను చూడలేదు.

రొట్టెకు డబ్బాలు కావాలి. క్యాంపు వెనక పారేసిన పాలపొడి డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు ఏరుకుని గులాం మొహిద్దీన్ బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఊళ్ళో గిన్నెలకు కళాయి పూసి, చిల్లులకు మాట్లు వేసే ముసలాయన. ముందటేడు రజాకార్ల గొడవల్లో కృష్ణ అవతలినుంచి జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు గదా, ఆ కోపమంతా మా ఊరివాళ్ళు తెచ్చి ఈయన మీద పెట్టారు. నిజాం నవాబును పటంలో కూడా చూసినవాడు కాదు. అయినా సరే, ఏడాదిగా ఆయనకు గిన్నె ఇచ్చినవాడు లేడు. ఆయనా, ఆయన భార్య గుల్షన్ పిన్నీ గంజి తాగి బతుకుతున్నారు.

డబ్బాలు చూసి ఆయన ముఖం విప్పారింది. అంచులు కత్తిరించి, గరుకు లేకుండా మడిచి, మూతలు సరిచేసి ఆరు డబ్బాలు నున్నగా చేసిచ్చాడు. చివరికి ఒక్కోదాన్ని బోర్లించి, మేకు పెట్టి సుత్తితో మెల్లగా చుక్కలు కొట్టాడు. చుట్టూ ఏడు, మధ్యలో ఒకటి.

"ఏంది బాబాయ్, చిల్లులు పడవా?"

"అరవై ఏళ్ళ చెయ్యమ్మా ఇది, చిల్లెందుకు పడద్ది? మా నాయన గుర్తు. గుర్తు కొట్టని పని నా ఇంట్లోంచి బయటికి పోదు."

బయట కొట్టిన చుక్క లోపల బొడిపై, రొట్టె అడుగున చిన్న గుంటగా పడేది. పోలీసులు కూడా ముచ్చటపడ్డారు. పిండి పులియబెట్టడానికి మాకు పనికొచ్చేది కల్లు. మద్యనిషేధం నడుస్తున్న రోజులు. కల్లు గీసినవాణ్ణి, తాగినవాణ్ణి తన్ని లోపలేసే ఆ పోలీసులే రోజూ ముంతెడు కల్లు తెచ్చి నా గుమ్మంలో పెట్టేవారు. మైదాలో కల్లు, కాస్త బెల్లం, ఉప్పు వేసి పిసికి, పొంగాక డబ్బాల్లో సగానికి పెట్టేదాన్ని. మట్టి మెత్తిన కిరసనాయిలు డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, వాటిని అందులో సర్ది, కింద నిప్పులు, పైన నిప్పులు పోసేదాన్ని. మొహిద్దీన్ బాబాయి ఏదో అతుకు ఊడిందన్న వంకతో వచ్చి పొయ్యి పక్కన కూర్చుని చూసేవాడు. కల్లు పోసేటప్పుడు మాత్రం ముక్కు మూసుకుని ముఖం తిప్పుకునేవాడు.

"హరామ్ వాసన. తిన్నాక మాత్రం తెలీదే," అని నవ్వేవాడు.

వారం తిరిగేసరికి, మధ్యాహ్నం ఎండలో కట్టెలకని కొండ అంచుకు వెళ్తే, తుప్ప వెనకనుంచి తమ్ముడు పిలిచాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. వాడి కుడికాలికి చిన్నప్పుడు గొడ్డలి పడి బొటనవేలు లేదు. ఆ కాలు చూసి గుర్తుపట్టాను.

"అక్కా, పొయ్యి ముట్టిస్తే పొగ జూసి కాలుస్తన్నారు. మూడు రోజులాయె, పచ్చి శనగలు నమిలి బతుకుతన్నాం."

రొట్టెకు పొగ అక్కర్లేదు. నాలుగు రోజులైనా పాడవదు. ఆ ఆలోచన రావడానికి నాకు తమ్ముడి ముఖం చూసినంత సేపు కూడా పట్టలేదు. కానీ క్యాంపు వాళ్ళు ఆరు రొట్టెలూ, ఆరు డబ్బాలూ రోజూ లెక్క చూసుకునేవాళ్ళు. రాతి సందులో పెడితే చీమలు, ఎలకలు పట్టకుండా మూత గట్టిగా ఉన్న డబ్బా కావాలి. మొహిద్దీన్ బాబాయి దగ్గరికే పోయాను.

"ఇంకోటి గావాలి బాబాయ్. ప్రభువు బల్లకి, ఆదివారం రొట్టెకి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. మా గుడి క్యాంపు అయిందనీ, పోలీసులు దిగినప్పటినుంచి ఆదివారాలే లేవనీ ఊరందరికీ తెలుసు. డబ్బా తీసుకుని కత్తెర పట్టాడు. మూత మాత్రం మిగతా వాటికన్నా బిగువుగా చేశాడు.

చివర్లో సుత్తి తీస్తుంటే, "దీనికి గుర్తొద్దులే బాబాయ్," అని నోటిదాకా వచ్చింది. అంటే ఆయన నొచ్చుకుంటాడని ఊరుకున్నాను. ముసలాయన మనసు నొప్పించకూడదని ఆ రోజు నాకెంత మర్యాదో.

మూడు రోజులకోసారి ఏడో డబ్బా కట్టెలమోపు చుట్టగుడ్డలో కొండకు వెళ్ళేది, ఖాళీ డబ్బా తిరిగొచ్చేది. మా ఆయనకు తెలుసు. పొద్దున్నే బైబిలు తెరిచి ఒకే పేజీ గంటసేపు చూసేవాడు.

వైశాఖం చివర్లో ఒకనాడు తెల్లవారగానే కొండవైపు తుపాకులు మోగాయి. పొద్దెక్కేసరికి ఒక ఎద్దుబండి క్యాంపు ముందు ఆగింది. నేను రొట్టెలు తీసుకెళ్ళే వేళ అది. బండిలో గోనెపట్టా కప్పి ఉంది. పట్టా కిందనుంచి నాలుగు కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. ఒక మడమనుంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా దుమ్ములో పడుతోంది. నేను వేళ్ళు లెక్కపెట్టాను. ఇరవై ఉన్నాయి. ఎవరో తల్లుల బిడ్డలు చచ్చి పడుంటే, ఇరవై వేళ్ళూ ఉన్నాయని నాకు సంతోషం కలిగింది. అబద్ధం ఎందుకు, సంతోషమే.

లోపల ఇన్‌స్పెక్టరు బల్లమీద, కొండనుంచి తెచ్చిన ఏడో డబ్బా ఉంది. పక్కన సగం తిన్న రొట్టె. ఇన్‌స్పెక్టరు నా గంపలోంచి ఒక రొట్టె తీసి, రెండు రొట్టెలనూ బోర్లించి పక్కపక్కన పెట్టాడు. చుట్టూ ఏడు గుంటలు, మధ్యలో ఒకటి.

"నీ దగ్గర డబ్బాలెన్ని?"

"ఆరు సార్."

జవాను మా ఇంటికి పోయి వచ్చాడు. "ఆరే ఉన్నాయి సార్, అటకా పొయ్యీ అంతా చూశా."

ఇన్‌స్పెక్టరు డబ్బా అడుగును వేలితో తడిమాడు. "ఈ గుర్తు ఎవరిది?"

మా ఆయన గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. నేనొక్క క్షణం ఆగి ఉన్నా ఏదో ఒక దారి తోచేదేమో. తోచకపోయేదేమో. ఇన్నేళ్ళుగా ఆ క్షణాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను.

"మొహిద్దీన్ బాబాయిది సార్," అన్నాను.

అది నిజమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆయన్ను గడ్డం పట్టుకుని ఈడ్చుకొచ్చారు. వెనక గుల్షన్ పిన్ని పరుగెత్తి వస్తుంటే తుపాకీ మడమతో పక్కటెముకల్లో పొడిచి అవతలే పడేశారు. ఇన్‌స్పెక్టరు డబ్బా చూపించి, ఇది ఎవరికి చేశావని అడిగాడు. మొహిద్దీన్ బాబాయి డబ్బాను చూశాడు. తరువాత నా చేతిలో గంపను చూశాడు. నా ముఖం మాత్రం చూడలేదు.

"నాకే సార్. నేనే జేసుకున్నా. నేనే రొట్టె గాల్చి ఇచ్చినా."

"ఈమెకు ఎన్ని చేశావు?"

"ఆరే సార్."

ఎడమచెయ్యి బల్లమీద పరిచి లాఠీ మొదలుతో వేళ్ళు ఒకటొకటిగా చితక్కొట్టారు. ప్రతి వేలికీ, రొట్టె ఎవరు కాల్చారని అడిగారు. ప్రతిసారీ "నేనే" అన్నాడు. నాలుగో వేలికి ఉచ్చ పోసుకున్నాడు, అయినా "నేనే" అన్నాడు. కుడిచెయ్యి లాగబోతుంటే ఇన్‌స్పెక్టరు ఆపాడు.

"అది ఉంచండి. గిన్నెలకు మాట్లు వేసేవాడికి రొట్టె వచ్చో రాదో చూద్దాం. చేసి చూపించు, ముసలాడా. రాకపోతే ఈ పేటలో ఆ పని వచ్చినవాళ్ళు ఎవరో నాకు తెలుసు."

ఆ మాట అంటూ నన్ను చూశాడు.

బడి ముందు ఎండలో మైదా, బెల్లం, ఉప్పు, కల్లు ముంత, నీళ్ళు పెట్టారు. నా పొయ్యి డబ్బానే మోసుకొచ్చారు. నన్నూ మా ఆయన్నూ ఎదురుగా నిలబెట్టారు. పేటంతా వచ్చి చూస్తోంది. మొహిద్దీన్ బాబాయి బిస్మిల్లా అని పెదవులు కదుపుతూ, ఒంటిచేత్తో పిండి పోశాడు. కల్లు ముంత దగ్గరికి వచ్చేసరికి ఆ పెదవులు ఆగాయి. ముక్కు మూసుకోవడానికి రెండో చెయ్యి లేదు. అట్లాగే పోశాడు. ఒక్క చేత్తోనే, నేను పిసికినట్టే, అరచేతి మడమ ఆనించి పిసికాడు. ఉప్పు రాయి పక్కనే ఉంది. దాన్ని మరిచిపోయాడు. నా చెయ్యి దానికేసి పోబోయి ఆగింది. ఎడమచేతి నెత్తురు ఒకటి రెండు చుక్కలు పిండిలో పడ్డాయి. వాటినీ కలిపేశాడు.

తడిగుడ్డ కప్పి మూడు గంటలు. పైన రోహిణి ఎండ. ఎవరూ కదలలేదు.

నేను ప్రార్థన చేశాను. పిండి పొంగాలి ప్రభువా, అని అడిగాను. పొంగితే ఆయన పోతాడు. పొంగకపోతే మేము పోతాం: నేను, మా ఆయన, మా నోటినుంచి తమ్ముడు. అంత తేటగా తెలిసే అడిగాను. నా జీవితంలో ఇంత మనసు పెట్టి ఏ ప్రార్థనా చేయలేదు. అది విన్నాడు గదా దేవుడు, అదీ నా కోపం.

మధ్యాహ్నం దాటాక మొహిద్దీన్ బాబాయి గుడ్డ అంచు ఎత్తి చూశాడు. తరువాత, ఆ రోజంతటిలో మొదటిసారి, తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. పొయ్యి పక్కన కూర్చున్నప్పుడు, చాలా ఇంకానా అని నన్ను అడిగే చూపే అది. ఇంకే నిష్ఠూరమూ లేదు అందులో.

నేను కొంచెంగా తల ఊపాను.

ఆయన పిండి తీసి ఏడో డబ్బాలో సగానికి పెట్టాడు. కింద నిప్పులు, పైన నిప్పులు. తీసి బోర్లిస్తే రొట్టె ఊడి పడింది. ఒక పక్క మాడింది, కానీ డబ్బా అంచు దాటి పొంగింది. అడుగున ఎనిమిది గుంటలు.

ఇన్‌స్పెక్టరు తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు లేదు," అన్నాడు. నమిలి మింగి, "అయినా రొట్టే. వ్యానెక్కించండి," అన్నాడు.

మర్నాడు క్వారీ మలుపు దగ్గర పారిపోబోతే కాల్చామన్నారు. కాగితం మీద శివరామయ్య సాక్షి సంతకం చేశాడు. అరవై అయిదేళ్ళవాడు, చితికిన చెయ్యి మెడకు కట్టుకుని, సంకెళ్ళతో పారిపోబోయాడట. ఆ మర్నాడు నేను మళ్ళీ ఆరు రొట్టెలు కాల్చాను. ఆయన చేసిన డబ్బాల్లోనే. క్యాంపు ఎత్తేసేదాకా రోజూ కాల్చాను.

ఎందుకు అట్లా చెప్పాడో నాకు తెలియదు. ఊరంతా వెలివేసిన ఏడాదిలో నేనొక పని ఇచ్చాను, నిజమే. ఆరు డబ్బాల పనికే అంత రుణపడతారా ఎవరైనా? మా ఆయనను అడిగితే బైబిలు తెరుచుకున్నాడు. బడి మళ్ళీ మాకు వచ్చాక మొదటి ఆదివారం ప్రభువు బల్లకు నేను రొట్టె చేస్తానంటే, "వద్దు, చపాతీ చాల్లే," అన్నాడు. చపాతీ విరిచి, "ఇది మీకొరకు" అన్న మాట దగ్గర ఆగి, కూర్చుండిపోయాడు. అందరం లేచి ఇళ్ళకు పోయాం.

తమ్ముడు ఏరు దాటి బతికాడు. రెండేళ్ళకు కేసులు ఎత్తేశాక తిరిగొచ్చి పెళ్ళిచేసుకున్నాడు. "నీ రొట్టె తిని బతికానే అక్కా," అని పదిమందిలో అంటే, లోపలికి పిలిచి జరిగింది చెప్పాను. ఆ తరువాత మా ఇంట్లో వాడు మంచినీళ్ళు తాగేవాడు గాని ముద్ద ముట్టలేదు.

కానీ ఆ ఎండాకాలం నాకు ముగిసింది తొలకరి పడ్డాక, గుల్షన్ పిన్ని వచ్చిన రోజున. నేను ఇంటి ముందు చినుకుల్లో తడుస్తున్న పొయ్యి డబ్బాను లోపలికి లాగుతున్నాను. ఆమె ఒక చేత్తో పక్కటెముకలు పట్టుకుని, కొంగు చాటున ఏదో తెచ్చింది.

"బడి వెనకాల చెత్తలో దొరికింది," అని ఏడో డబ్బా తీసింది. "ఇది నీదే గదమ్మా. నీకు ఏడు జేసినానని ఆయన అప్పుడే నాకు జెప్పాడు."

నాకు తల ఎత్తడం చేతకాలేదు. తిడుతుంది, దుమ్మెత్తి పోస్తుంది, పోస్తే బాగుండు అనుకున్నాను. ఆమె మొహిద్దీన్ బాబాయి కూర్చునే చోటే, పొయ్యి పక్కన కూర్చుంది.

"నన్నవతల పడేశారు గదా, నేను జూళ్ళా. ఆయన చేత్తో ఆయన గంజి గూడా కాచుకోలా ఎప్పుడూ. ఆ రొట్టె ఎట్టొచ్చింది దయామణీ?"

"బాగా పొంగింది పిన్నీ," అన్నాను.

ఆమె డబ్బా తిరగేసి చుక్కల మీద మట్టిని కొంగుతో తుడిచింది.

"ఉప్పేశాడా?"

"లేదు పిన్నీ. మరిచిపోయాడు."

"అవునులే," అంది. "నలభై ఏళ్ళుగా గంజిలో ఉప్పెంత కలుపుకోవాలో గూడా నన్నే అడుగుతాడు."

డబ్బా నా ముందు పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, వానలోనే ఇంటికి పోయింది.